మేకు మీది గడియారం

నాకు గాలి సోకిందని సుంకమ్మ చెప్పిందట. ఆమెకు పాలకేంద్రం దగ్గర ఎవరో చెప్పారట. ఎవడో చచ్చినవాడి చేతి నుంచి ఊడదీసి అమ్మారట నన్ను. అందుకే మధ్యాహ్నమయ్యేసరికి వాడు గుర్తొచ్చి అరగంట వెనక్కి నడుస్తానట. నన్ను కొన్న పుల్లయ్య ఇంటికీ సుంకమ్మ ఇంటికీ నడుమ ఉన్నది ఒక్క మట్టిగోడే. ఆ మాట మాత్రం ఊరంతా తిరిగి, నాలుగు చేతులు మారి, దయ్యంతో సహా ఆ గోడ దాటింది.

నేను ఒక చేతిగడియారాన్ని. నాకు గాలీ లేదు, ధూళీ లేదు. గోరంత సెల్లు మీద నడిచేదాన్ని. వెనక్కి నడవడం నాకు చేతకాదు. వెనక్కి తిప్పిన చెయ్యి ఒకటుంది. ఆ చేతి సంగతే మీకు చెబుతాను. పగతో చెబుతున్నాను కాబట్టి నా నుంచి దయాదాక్షిణ్యాలు ఆశించకండి. అబద్ధం మాత్రం ఆడను. నాతో అబద్ధం ఆడించాడనే కదా ఈ పగంతా.

పుట్టింది ఎక్కడో ఊరు గుర్తులేదు. కంటికి అద్దం తగిలించుకున్న ఒకావిడ నా ముళ్లు బిగించింది, ఇంకొకావిడ నన్ను నీళ్లలో ముంచింది, మూడో ఆవిడ చెక్క మీదకు ఎత్తి పడేసింది. అప్పటికీ నడుస్తున్నానని తేలాక డబ్బాలో పెట్టారు. మనుషులు కూడా తమ పిల్లల్ని ఇలాగే చూసుకుని బయటికి పంపితే లోకం కొంచెం బాగుండేది.

నన్ను అమ్మినవాడు ప్రొద్దుటూరు బజారులో పీరాసాయిబు. కొన్నవాడు పుల్లయ్య. అప్పటికే అతనికి ఒక గడియారం ఉంది. బావమరిది కువైట్ నుంచి తెచ్చిచ్చిన బంగారు రంగుది. పెళ్లికి, పంచాయితీకి, టౌనుకు పోతే అది కట్టేవాడు. మిగతా రోజులు అది బిస్కెట్ల డబ్బాలో దూది మీద పడుకునేది. పొలంలోకి, బురదలోకి, మోటారు దగ్గరికి ఇంకొకటి కావాలి. అదీ నేను.

"చూడు పుల్లయ్యా," అన్నాడు సాయిబు. "మొరటు పనికి కొనేటప్పుడు మొహం జూడొద్దు, వీపు జూడు. వీపు మూత మరలతో బిగించింటే నీళ్లు పోవు. అద్దం దళసరిగా ఉండాల. తోలు పట్టీ వద్దు, చెమటకు కుళ్లిపోతాది. నైలాను తీసుకో. తేదీ, వారం అని సోకులు వద్దు, ఎన్ని ఎక్కువుంటే అన్ని చెడిపోతాయి. ఇంగ అది పోతే ఏడుపు రాని రేటులో ఉండాల."

"ఏడుపు యాడొస్తాది సాయిబూ, ఇది ఇంట్లోది గాదు గదా, పన్లోది," అన్నాడు పుల్లయ్య. నన్ను టీ గ్లాసు నీళ్లలో ముంచాడు, బల్లకేసి కొట్టాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇది మనిషి మాదిరి లేదబ్బా, ఎద్దు మాదిరుండాది," అని మెచ్చుకున్నాడు.

నేను పొంగిపోయాను. అదే నా తెలివితక్కువతనం. గట్టిదానివని మెచ్చుకునేవాడు కొట్టడానికే మెచ్చుకుంటాడని నాకప్పటికి తెలియదు. నాతో సోడామూత తీశాడు. నా వీపుతో మేకు కొట్టాడు. మోటారు కొట్టం గోడకు దిగిన ఆ మేకు మీద తర్వాత నన్నే వేలాడదీశాడు. ఇవన్నీ క్షమించాను. మొరటు పనికి పుట్టినదాన్ని, దెబ్బలకు ఏడవను.

క్షమించనిది వేరే ఉంది.

పుల్లయ్యది, అతని అన్నకొడుకుది ఉమ్మడి బావి. అన్నకొడుకు లారీ డ్రైవరు, నెలకు ఇరవై రోజులు రోడ్ల మీదే. సేద్యమంతా అతని భార్య ఓబులమ్మది. కరెంటు ఉదయం తొమ్మిదికి వచ్చి సాయంత్రం నాలుగుకు పోతుంది. తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా పుల్లయ్య వంతు, అక్కడి నుంచి నాలుగు దాకా ఓబులమ్మ వంతు. పెద్దల నాటి ఒప్పందం. వంతు మారే వేళ చెప్పేది మాత్రం మేకు మీదున్న నేను.

ఆ ఏడు ఓబులమ్మ అర ఎకరంలో చామంతి పెట్టింది. దసరాకు కోతకు రావాలి. పుల్లయ్య కన్ను ఆ అర ఎకరం మీద ఉంది. రెండు మూడుసార్లు పంట చేతికి రాకపోతే, ఆమే విసుగొచ్చి చేను తనకే గుత్తకు ఇస్తుంది, బావి మొత్తం తనదవుతుంది. అతను కొట్లాటకు పోలేదు, గట్టు తొయ్యలేదు. పదకొండు గంటలకు కొట్టంలోకి వచ్చి, నా పక్కనున్న పిడిని గోటితో బయటికి లాగి, నా పెద్ద ముల్లును అరగంట వెనక్కి తిప్పేవాడు. సాయంత్రం ఇంటికి పోయే ముందు మళ్లీ ముందుకు తిప్పేవాడు. ఊళ్లో ఎవరడిగినా నేను సరైన టైమే చెప్పేదాన్ని. పొలంలో మాత్రం దొంగని.

ఓబులమ్మ చివరి నాలుగు మళ్లకు నీళ్లు అందకముందే కరెంటు పోయేది.

"ఏంది మామా, ఈమధ్య నా వంతు బిరీన అయిపోతాంది?" అని అడిగింది.

"నన్నడిగితే నేనేం జెప్పేదిమ్మీ, పోయి కరెంటోళ్లనడుగు."

"నీడ జూస్తే నువ్వు నిలిపేతలికే మధ్యాన్నం దాటిపోయినట్టుండాది."

"నీడ జెప్తాదా టైము? గడియారం జెప్తాదా? చూసుకో," అని నన్ను ఆమె మొహం ముందు ఆడించాడు.

ఆమె నా మొహంలోకి చూసింది. నేను ఆమె మొహంలోకి చూసి పన్నెండున్నర అని చెప్పాను. సూర్యుడు ఒంటిగంట అంటున్నాడు. ఆమె సూర్యుణ్ణి వదిలి నన్ను నమ్మింది. నాకు చేతులుంటే ఆ క్షణం పుల్లయ్య గొంతు పట్టుకునేదాన్ని. ఉన్నవి రెండు ముళ్లు. అవి అతని చేతిలో ఉన్నాయి.

ఆ నెలంతా ఆమె చివరి మళ్లకు బిందెలతో నీళ్లు మోసింది. బిందె దింపిన ప్రతిసారీ ఇటు తిరిగి చూసేది. ఒక రోజు మొగ్గలు కుంకుడు గింజల్లా నల్లబడి రాలాయి. వాటిని ఒళ్లో ఏరుకుంటూ ఏడవలేదు. ఏడ్చుంటే నా పగ ఇంతుండేది కాదేమో.

లాగి లాగి నా పిడి వదులైంది. వినాయకచవితి పోయిన మూడోనాడు, నన్ను వెనక్కి తిప్పిన మరుక్షణం, అది ఊడి అతని గోళ్ల మధ్య మిగిలింది. కావాలని విడిచానా, తెగిపోయిందా అని అడగకండి. సాయంత్రం ముందుకు తిప్పుకోవడానికి ఇక పిడి లేదు. నేను అరగంట వెనక ఉండిపోయాను. ఉండిపోయి, అక్కడి నుంచి ఒక్క సెకను తప్పకుండా నడిచాను.

తెలివైనవాడైతే నన్ను బావిలో పారేసేవాడు. పుల్లయ్య ఆశపోతు. "మంచిదే, దినామూ తిప్పే పని తప్పింది," అనుకుని నన్ను మేకు మీదే ఉంచాడు. ఊళ్లోకి బంగారు రంగుది కట్టుకుపోయాడు. తన దొంగతనానికి తానే సాక్షిని గోడకు తగిలించిపోయాడు.

ఓబులమ్మ ఊరికే లేదు. పుట్టింటికి పోయి తమ్ముడి ట్రాన్సిస్టరు అడిగి తెచ్చుకుంది. మొదటి రోజు చీరకొంగులో దాచి, చెవికి పెట్టుకుని రేడియో చెప్పే టైము వింది. ఆమె మొహం నేను మేకు మీద నుంచి చూశాను. ముడిపడిన కనుబొమలు ఒక్కసారిగా విడిపోయాయి. అయిదు రోజులు అట్లాగే, మాట్లాడకుండా, వంతు ఎప్పుడిస్తే అప్పుడు తీసుకుంది. ఆరో రోజు ఊరి పెద్ద వీరనాగయ్యను, ఇంకో ఇద్దరిని పూలు చూద్దురు రమ్మని పిలుచుకొచ్చింది.

పుల్లయ్య కొట్టంలో నుంచి నన్ను చూసి కేకేశాడు. "అమ్మీ, పన్నెండున్నరైంది, తిప్పుకో నీళ్లు!"

ఓబులమ్మ గట్టు మీద ట్రాన్సిస్టరు పెట్టి గొంతు పెంచింది. టింగు టింగు టింగుమని మోగి, సమయం ఒంటిగంట అంది రేడియో.

వీరనాగయ్య పుల్లయ్య మణికట్టు వైపు చూశాడు. ఆ పూట టౌనుకు పోవాలని కట్టుకొచ్చిన బంగారు రంగుది కూడా ఒంటిగంటే అంటోంది.

"రెండు గడియారాలూ నీయే గదా పుల్లయ్యా. దేన్ని నమ్మమంటావు?"

"గోడదానికి రోగమొచ్చింది మామా. ఆ సాయిబు నాకు చెత్త అంటగట్టినాడు. కావాలంటే గుడిలో ప్రమాణం చేసి కర్పూరం ఆర్పుతా," అన్నాడు పుల్లయ్య. ఆ రోగం మాట నుంచే పుట్టింది సుంకమ్మ దయ్యం.

"కర్పూరం మళ్లీ ఆర్పుదువులే. ముందు సాయిబు దగ్గరికి పా," అన్నాడు వీరనాగయ్య.

మర్నాడు నలుగురూ నన్ను అంగడికి తీసుకుపోయారు. సాయిబు నన్ను గోడగడియారం కింద పెట్టి టీ చెప్పాడు. గంటసేపు అందరూ నన్నే చూశారు. అంత గౌరవం ఆ బంగారు రంగుదానికి ఏ పెళ్లిలోనూ దక్కి ఉండదు. గంట గడిచింది. అరగంట వెనక మొదలై, అరగంట వెనకే ఉన్నాను. సెకను తేడా లేదు. నా పగ తీర్చుకోవడానికి నేను చేసింది అంతే, సరిగ్గా నడిచాను.

సాయిబు నా వీపు విప్పి చూశాడు. "రోగమైతే దినదినానికి తేడా పెరగాల. ఇది పెరగలేదు. పిడి ఊడిన తావు చూడండి, మామూలుగా ఏండ్లకేండ్లు వాడినా ఇంత అరగదు. దీన్ని ఎవరో దినామూ తిప్పినారప్పా." పుల్లయ్య టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు.

తీర్పు చిన్నది. ఇకమీద మొదటి వంతు ఓబులమ్మది, వెనక వంతు పుల్లయ్యది. గడియారం ఆమె దగ్గర ఉంటుంది. పిడి పుల్లయ్య వేయించాలి. వేయించాడు. నన్ను ఆమె మణికట్టుకు కట్టేటప్పుడు అతని మొహం నేను తనివితీరా చూశాను.

చామంతి సగం పోయింది, సగం దసరాకు వచ్చింది. నన్ను పోగొట్టుకున్న పుల్లయ్య బంగారు రంగుదాన్ని పొలంలోకి దించాడు. మూడు వారాలకు అది లోపల నీళ్లు తాగి, అద్దం మసకబారి, నిలబడిపోయింది. దూదిలో పెరిగినదానికి బురద కొత్త. నాకేం జాలి కలగలేదు.

వేసవి వచ్చింది. కరెంటు ఈసారి నిజంగానే అరగంట ముందు పోవడం మొదలైంది. వెనక వంతువాడికి ఎసరు. పుల్లయ్య ఉల్లినారు కొనలు ఎర్రబడ్డాయి. వారం ఓర్చి, ఒక మధ్యాహ్నం పన్నెండుకు గట్టు మీదకు వచ్చాడు. వెంట భార్యను, వీరనాగయ్యను తెచ్చుకున్నాడు. చేతికి గడియారం లేదు.

"ఓబులమ్మా, టైమెంతైందిమ్మా?" అన్నాడు. అమ్మీ పోయి అమ్మా వచ్చింది.

ఆమె నన్ను చూసి చెప్పింది. "పన్నెండు."

"ఒక అరగంట ముందు వదులు తల్లీ. కరెంటు బిరీన పోతాంది, నారు సచ్చిపోతాంది."

పుల్లయ్య భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీరనాగయ్య నా వైపు చూశాడు. ఓబులమ్మ పార ఎత్తి తన కాలువ గట్టుకు ఇంకొక మట్టిపెళ్ల వేసింది. నా అద్దం మీద పడిన బురద చుక్కను బొటనవేలితో తుడిచింది.

"నన్నడిగితే నేనేం జెప్పేది మామా. పోయి కరెంటోళ్లనడుగు."