గండిలో నిలబడ్డవాళ్లు

తెరేసమ్మ బిందెను కట్ట మీది కాపలావాడు కాలితో తన్నాడు. బిందె దొర్లుకుంటూ పోయి ఉప్పునీళ్లలో పడింది. ఇవతలి చేలల్లో కలుపు తీస్తున్న రైతులంతా చూశారు. ఒక్కడూ నోరెత్తలేదు.

"కొత్త కట్ట తొక్కితే నేరమని దండోరా వేశాం, వినబళ్లా?" అని అరిచాడు వాడు.

"కట్టింది మా మొగోళ్లే కదయ్యా! కాలవలో ఒక్క బిందె ముంచుకుపోతా. మా అత్త జొరంతో పడుంది."

"మూడు శాఖల దొరల్ని అడిగి రా, పో!"

అవును, మూడు శాఖలు! కృష్ణ సముద్రంలో కలిసే ఆ చివరి భూముల్లోకి ఏటా పోటుతో ఉప్పునీరు ఎగదన్ని వస్తుంటే, ఎన్ని అర్జీలు పెట్టుకున్నా సర్కారు కదల్లేదు. అలాంటిది 1946లో కాలువల శాఖ, రెవెన్యూ శాఖ, ఉప్పు శాఖ బెజవాడ బంగళాలో కలిసి కూర్చుని ఉప్పునీటికి అడ్డంగా కట్ట వేద్దామన్నాయి. మంచి మాటే. కాని కట్ట వెళ్లాల్సిన దారిలో భూస్వామి రామకోటేశ్వరరావు సరుగుడు తోట ఉంది. దొరలు తోటను కాపాడి కట్టను వంచారు. దాంతో ఊరికి ఆనుకుని ఉన్న క్రైస్తవుల పల్లె, పల్లెవాళ్ల కాసిని చేలు సముద్రం వైపు మిగిలిపోయాయి. ఆ నేల ఉప్పు మడులకు బాగుంటుందని ఉప్పు శాఖ సంబరపడింది. మడుల కంట్రాక్టు ఎవరికి దక్కిందో వేరే చెప్పాలా? మీ చుట్టూ రెండో కట్ట వేస్తామని పల్లెవాళ్లకు చెప్పారు. వాళ్లు నమ్మారు.

గండి పూడ్చేటప్పుడు పల్లె మగవాళ్లు చేతులు పట్టుకుని సముద్రం వైపు నీళ్లలో వరసగా నిలబడటం తాతలనాటి రివాజు. నీటి వడి వాళ్ల ఒళ్లకు తగిలి ఆగుతుంది. వాళ్ల వెనక రైతులు మట్టి పోస్తారు. ఈ కట్టకు చివరి గండి పూడ్చిన రోజూ అలాగే నిలబడ్డారు. మట్టి నిలిచాక చూసుకుంటే వాళ్లూ వాళ్ల పల్లే కట్టకు బయట, ఊరు లోపల.

తెరేసమ్మ బిందెను తన్నిన మధ్యాహ్నం రైతు సంఘం పెద్ద వెంకటప్పయ్యకు ముద్ద దిగలేదు. భార్య రాఘవమ్మ మంచినీళ్ల చెంబు ముందు పెట్టి, "ఇయ్యెట్టా దిగుతున్నయ్యండీ మనకి?" అంది. అతను చెంబు ముట్టకుండా లేచిపోయి, సంఘం పాకలోకి అందర్నీ పిలిచాడు. పల్లెవాళ్లను కూడా పిలిచాడు.

"సర్కారుతో మనకెందుకు? కట్ట తెగితే నా అరెకరం చౌడైపోద్ది," అన్నాడు తిరుపతిరావు.

తెరేసమ్మ భర్త కృపానందం గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. "తెంచమని ఎవరన్నారండీ? పల్లెకి అవతల ఇంకో కట్ట వేద్దాం. అది నిలిచినాక ఈ కట్టకి తూము పెడితే కాలవ నీళ్లు మాకూ వస్తయ్. మీ చేలకేం కాదు. కాకపోతే సరుగుడు తోటలోంచి పోవాల."

తోట మాట వినగానే కొందరు కండువాలు దులుపుకుని లేవబోయారు.

"దొరలు కట్ట దారికి మేకులు పాతిన రోజే చూశా నేను," అన్నాడు వెంకటప్పయ్య తల దించుకుని. "పల్లెకి కట్ట లేదని నాకు తెలుసు. నా చేలు లోపల పడ్డయ్ గదా అని నోరు మూసుకున్నా. మీరూ చూశారు. థూ, సిగ్గుమాలిన బతుకు!"



"మీరు సిగ్గుపడితే మా బిందెలు నిండవండీ. పారలు పట్టుకురండి," అన్నాడు కృపానందం.

మర్నాటి నుంచి ఊరూ పల్లే కలిసి మట్టి మోశాయి. సరుగుడు చెట్లు నేల కూలాయి. శాఖలు మళ్లీ ఒక్కటై ఈసారి పోలీసులను పంపాయి. వాళ్లు వచ్చేసరికి చివరి గండి మిగిలి ఉంది, పోటు మొదలైంది. అలవాటు చొప్పున పల్లెవాళ్లు నీళ్లలోకి దిగబోయారు.

వెంకటప్పయ్య కృపానందం చెయ్యి పట్టి ఆపాడు. "ఇయ్యాళ నువ్వు మట్టి పొయ్యి. నీళ్లల్లో మేం నిలబడతాం."

రైతులు దిగారు. తిరుపతిరావు కూడా పంచె ఎగగట్టి దిగాడు. నీళ్లు రొమ్ముల దాకా వచ్చాయి.

"బయటికి రండి, అరెస్టు చేస్తున్నాం!" అని సబిన్‌స్పెక్టరు కేక వేశాడు.

"వస్తామండీ. మట్టి పడనివ్వండి," అన్నాడు వెంకటప్పయ్య.

లాఠీలు భుజాల మీద, తలల మీద పడ్డాయి. పట్టుకున్న చేతులు వదల్లేదు. వాళ్ల వెనక గంప తరవాత గంప పడింది. కట్ట నిలిచింది. అప్పుడు ఒక్కొక్కరే పైకొచ్చి సంకెళ్లకు చేతులు చాచారు.

ఉప్పునీళ్లకు నోళ్లు ఎండిపోయి ఉన్నాయి. సొట్టపడిన బిందెతో తెరేసమ్మ వచ్చింది. వెంకటప్పయ్య ఆమె మొహం చూడలేక వంగి, సంకెళ్ల చేతులతోనే దోసిలి పట్టాడు. ఆమె మంచి మాట ఒక్కటీ అనలేదు. నీళ్లు మాత్రం పోసింది.

"ఎక్కడివే ఈ నీళ్లు?" అన్నాడు సబిన్‌స్పెక్టరు.

"కాలవయ్యి. తొక్కితే నేరమన్న ఆ పాత కట్ట తొక్కే తెచ్చా. నన్నూ పట్టుకో."

ఆమెను పట్టుకోబోయి అతను ఆగాడు. పాత కట్ట మీద బిందెలతో ఊరి ఆడవాళ్లు, పల్లె ఆడవాళ్లు కలిసి నడిచి వస్తున్నారు. అందరికన్నా ముందు రాఘవమ్మ ఉంది.