తలుపుల్లేని ఇళ్లు

తిక్యోని పట్టపగలు, అందరూ చూస్తుండగానే తీసుకుపోయారు. నలుగురు పోలీసులు, వాళ్ల వెనకాల చెరుకుతోట మేస్త్రీ ఫ్లోరో. తలుపు తీసే ఉంది. అయినా బూటుకాలితో తన్ని మరీ లోపలికొచ్చారు. దొర వాగులో నీళ్లు దొంగిలించాడన్నారు. వాగు ఎప్పటినుంచి దొరదయిందని ముసలి సబాస్ అడిగితే తుపాకీ మడమతో మూతి పగలగొట్టారు. కొండమీది ఇరవైమూడు ఇళ్లవాళ్లూ నిలబడి చూశారు. తిక్యో పెళ్లాం దొమింగ కూడా చూసింది.

ఐదోరోజున శవాన్ని తెచ్చి కొండకింద దించిపోయారు. గుండె ఆగిందట. చెరుకుబండి ఇరుసు ఒంటిచేత్తో ఎత్తే మనిషి, ఊరికే గుండె ఆగి పోయాడట!

దొమింగకి ఏడుపు రాలేదు. శవానికి స్నానం చేయించింది, చొక్కా తొడిగింది, వచ్చినవాళ్లకి ఉడికించిన కర్రపెండలం పెట్టింది. అన్నీ చేతులే చేశాయి. ఆమెకి తెలుస్తున్నది ఒక్కటే, వాగులోంచి చప్పుడు రావడం లేదని.

నెగ్రోస్ దీవిలో చెరుకు నరకడం అయిపోయాక నాలుగు నెలలు పని దొరకదు. చచ్చిన నెలలంటారు వాటిని. కొండమీద నేలుంది, నీళ్లు మాత్రం లోయలో ఉన్నాయి. డబ్బాలు మోసి మోసి ఆడవాళ్ల నడుములు పడిపోయేవి గాని ఒక్క మడి తడిసేది కాదు. అందుకని ఏటా ఆ నెలల్లో కడుపు చేత్తో పట్టుకుని తోట దొర దోన్ హసింతో గేటు ముందు నిలబడేవాళ్లు. ఆయన విసిరిందే కూలి.

రెండేళ్ల కిందట తిక్యో వాగులో ఒక పంపు బిగించాడు. నూనె అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. పైనుంచి గొట్టంలో నీళ్లు దూకుతాయి. ఆ విసురుకి తలుపు బందుకి కట్టిన టైరుముక్క టక్కున మూసుకుంటుంది. ఆ దెబ్బకి కొన్ని నీళ్లు కొండెక్కుతాయి. మళ్లీ తెరుచుకుంటుంది, మళ్లీ టక్. "పది చెంబులు కిందికి పోతూ ఒక చెంబుని పైకి తోస్తాయి" అనేవాడు. రాత్రీ పగలూ ఒకటే టక్, టక్. కొండమీద చిక్కుళ్లు కాశాయి, వంకాయలు కాశాయి. పోయినేడు చచ్చిన నెలల్లో గేటు దగ్గరికి ఒక్కడూ పోలేదు. కొండ పచ్చబడటం చూసి దొర కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. పోలీసులు తిక్యోతో పాటు ఆ బందుని కూడా సాక్ష్యమని పీక్కుపోయారు.

పోయినవాళ్లకి అక్కడ తొమ్మిదిరోజులు ప్రార్థన చేస్తారు. అన్నాళ్లూ ఆ ఇంటి తలుపు మూయరు. ఎంతమంది గుమిగూడినా పోలీసులు కూడా ఎందుకని అడగరు. మూడోరోజు మధ్యాహ్నం ఫ్లోరో టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు.

"అక్కా, దొరవారు చాలా బాధపడ్డారు. డీజిలు పంపు పంపిస్తానన్నారు. కొత్తది, ఊరికే. ఆ టకటకల బొమ్మ దేనికి?"

అతను దిగిపోయాక ప్రార్థన ఆగి పోట్లాట మొదలైంది.

"తీసుకుందాం" అన్నాడు సబాస్, వాచిన మూతితో. "చిక్కుళ్లు మాడిపోతున్నాయి. రోషం తింటే కడుపు నిండుతుందా?"

"డీజిలు ఎక్కడ పోయించుకుంటావు బాబాయ్? దొర దుకాణంలో!" క్రిసాంత లేచింది. కొండమీద అందరికన్నా నోరున్న మనిషి. "చెడిపోతే ఎవడొస్తాడు? దొర మెకానిక్కు. మన జుట్టు తీసుకెళ్లి వాడి చేతికిద్దామా?"

"అయితే పాతది నువ్వు చెయ్యవే! తిక్యో ఉంటే వేరు సంగతి."

కొండమీదవాళ్లు చేసిన తప్పు అదే. కాలువ అందరూ తవ్వారు, గొట్టాలు అందరూ మోశారు, పేరు మాత్రం తిక్యో పంపు అని పెట్టుకున్నారు. ఆగితే చాలు, తిక్యో అని కేకేసేవాళ్లు. ఒక్కణ్ని లేకుండా చేస్తే పంపు ఆగుతుందని దొరకీ అర్థమైంది మరి.

దొమింగ లేచి తిక్యో సామాన్లలోంచి స్క్రూడ్రైవరు తీసింది. తలుపు దగ్గర కూచుని కింది బందు విప్పడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"తొమ్మిదిరోజులు మూయని తలుపుకి బందు దేనికి?" పక్కింటి సంగతి చెబుతున్నట్టు అంది. "ఆయన టైరు కోస్తుంటే పట్టుకున్నది నేనే. ఎంత మందమో నా వేళ్లకి తెలుసు."

మొదటి ముక్క చిరిగిపోయింది. రెండోది సరిగా మూసుకోలేదు. సబాస్ సణుగుతూనే మూడోదాన్ని ఆకురాయితో సరిచేశాడు. ఏడోరోజున టక్‌మంది. క్రిసాంత అందరినీ వాగులోకి దింపింది. ముసలీ ముతకా అని లేదు, ప్రతివాళ్లూ ఒకసారి విప్పాలి, ఒకసారి బిగించాలి. వారానికొకరిదని వంతులు రాసుకున్నారు. దొమింగ ఆ చప్పుడు విన్నది. లోపల ఏమీ కదల్లేదు. నేను కూడా పోయానేమోనని భయమేసింది ఆమెకి.

తొమ్మిదోరోజున ఫ్లోరో తుపాకులవాళ్లతో, సమ్మెటతో వచ్చాడు. ఊరంతా వాగులోకి దిగింది. పంపు ఒళ్లంతా మందపాటి ఇనుము, సమ్మెటకి లొంగదు. బందు మాత్రం ఒక్క దెబ్బకే తునిగింది. చప్పుడు ఆగిపోయింది.

"ఇప్పుడెవడు చేస్తాడే?" అన్నాడు ఫ్లోరో రొప్పుతూ. "మీ తిక్యో లేచొస్తాడా?"

దొమింగ చేతిలోని గుడ్డమూట విప్పి ఇంకో బందు తీసింది. "తలుపుకి బందులు రెండుంటాయి, ఫ్లోరో."

క్రిసాంత తన జేబులోంచి ఒకటి తీసింది. సబాస్ ఒకటి తీశాడు. ఫ్లోరో తలెత్తి చూశాడు. కొండమీద ఒక్క ఇంటికీ తలుపు లేదు. తుపానులకి నెలే గడువు. ఆ గాలికి తలుపు ఎగిరిపోకూడదనే ఆ ఊళ్లో ఇల్లు వెదురుదైనా బందు ఇనుపది పెడతారని అతనికీ తెలుసు.

"ఇరవైమూడు ఇళ్లు" అన్నాడు సబాస్. "ఎన్ని దెబ్బలో నువ్వే లెక్కేసుకో నాయనా."

దొమింగ నీళ్లలో కూచోబోతే క్రిసాంత ఆమె చేతిలోంచి పానా లాక్కుంది. "లే అక్కా. ఈ వారం వంతు నాది." తుపాకుల ఎదుటే కూచుని బిగించింది. టక్‌మంది. దొమింగ అప్పుడు ఏడ్చింది, పధ్నాలుగు రోజుల ఏడుపూ ఒక్కసారే, గొంతెత్తి.

ఆ సాయంత్రం క్రిసాంతని పట్టుకుపోయారు. తన్నడానికి వాళ్లకి తలుపు కూడా దొరకలేదు. పంపు ఆగలేదు. తర్వాతి వంతు సబాస్‌ది.