ఖాళీ బండికి టికెట్

"టీరాని కారులో తెచ్చేశాను. పాప బండి బడిలోనే ఉండిపోయింది. వస్తూ పట్టుకొచ్చెయ్."

నీళ్ళ పరీక్ష ల్యాబులో చేతి తొడుగులు విప్పుతుంటే మా ఆయన హెన్నింగ్ నుంచి మెసేజ్. చివర ఒక ముద్దు బొమ్మ కూడా. వస్తూ అట! ఆర్‌స్టాలో మా ఇల్లు ఒక మూల, ఆస్పుడెన్‌లో పాప బడి ఇంకో మూల. వానలో కారు తీసినవాడు, ఆ కారు వెనక డిక్కీ ఉందన్న సంగతి మరిచిపోయాడు. రేపు శనివారం, హెన్నింగ్ వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళాలి. బండి లేకపోతే మధ్యాహ్నం టీరా నిద్రపోదు. ఈ లెక్కంతా హెన్నింగ్ వెయ్యడు. నా బుర్ర దానంతట అదే వేసేస్తుంది.

అసలు ఆ సాయంత్రం నా బుర్ర వేరే పనిలో ఉండాలి. మా విభాగం పెద్ద గున్నెల్ రిటైరవుతోంది, ఆ కుర్చీ నన్ను తీసుకోమని నిన్న అడిగింది. ఇవాళ ఇంటికెళ్ళే లోపు ఏదో ఒక మాట చెప్పమంది. టీరా పుట్టినప్పటి నుంచి నేను ముప్పావు ఉద్యోగమే చేస్తున్నాను, ఆ కుర్చీకి పూర్తి రోజు కావాలి. నిన్న రాత్రి గిన్నెలు సర్దుతూ చెబితే హెన్నింగ్ ఎంతో పెద్దమనసుతో, "తీసుకో, నాకేం అభ్యంతరం లేదు. టీరా సంగతి మాత్రం ఏదో ఒకటి చూసుకో" అన్నాడు. అభ్యంతరం లేని మొగుడితో ఎలా పోట్లాడాలో నాకెవరూ నేర్పలేదు. తెల్లారేదాకా దొర్లాను.

కొట్టడు, తిట్టడు, తాగి రాడు. పైగా పాప కోసం సెలవు పెట్టిన తండ్రి. ఆ రోజుల్లో బండి తోసుకుంటూ బస్సెక్కితే ముసలమ్మలు మురిసిపోయేవాళ్ళని తనే చెప్పేవాడు. అదే బస్సులో నేనెక్కితే, అప్పటికే రెండు బండ్లుంటే, మూడో బండికి చోటు లేదని డ్రైవర్ దింపేసేవాడు. మంచులో నిలబడి తరువాతి బస్సు కోసం చూసేదాన్ని, మురిసిన ముసలమ్మ ఒక్కతీ కనబడలేదు. ఏటా జరిగే దుప్పుల వేట వారం రాగానే హెన్నింగ్ తుపాకీ సర్దుకుని స్నేహితులతో అడవికి పోయాడు. సెలవు అతనిది, ఆ వారం పాప నాది. అదే మాట మా అత్తగారు బిర్గిట్‌తో అంటే, "పెట్టి పుట్టావమ్మాయ్. మా కాలంలో మగాడు బండి పిడి పట్టుకుంటే వీధంతా నవ్వేది" అంది. పెట్టి పుట్టిన దాన్ని గనక నోరు మూసుకున్నాను.

బడి దగ్గర పాకలో మా బండి ఒక్కటే మిగిలింది. టీచరు తలుపు తాళం వేస్తూ, వాళ్ళ నాన్నే వచ్చి తీసుకెళ్ళాడు, ఎంత మంచాయనో అంది. అవునన్నాను. సన్నగా మంచు కలిసిన వాన పడుతోంది. బండి మీద గొడుగు దించి, దుప్పటి సర్ది, స్టాపుకి నడిచాను. బస్సు రాగానే మధ్య తలుపు నుంచి ఎక్కించి, బ్రేకు వేసి, పక్కన కూర్చున్నాను. మా ఊళ్ళో పసిబిడ్డ ఉన్న బండితో బస్సెక్కితే తల్లికి టికెట్ అక్కర్లేదు. రెండేళ్ళుగా ఆ తలుపులోంచే ఎక్కాను, ఆ చోటే కూర్చున్నాను. గున్నెల్‌కి ఏం చెప్పాలా అని సతమతమవుతున్నాను. సరేనంటే పాపని బడి నుంచి తెచ్చేదెవరు? బిర్గిట్‌ని గురువారాలు అడగొచ్చా? నేనే ల్యాబుకి ఇంకా పొద్దున్నే పోతే?

టికెట్లు తనిఖీ చేసే ఆవిడ వచ్చింది. నా వయసే ఉంటుంది. గొంతు తగ్గించి, "పడుకుందా?" అంది. అప్పుడు చూసుకున్నాను, నా కాలు బండిని మెల్లగా ఊపుతోంది. ఆవిడ చిరునవ్వుతో గొడుగు కిందకి వంగింది. నవ్వు పోయింది.

"పాపేది?"

"ఇంట్లో, వాళ్ళ నాన్న దగ్గర."

బస్సులో అందరూ కిటికీల్లోంచి బయటికి చూశారు. మా వాళ్ళ మర్యాద అది, ఎవరి పరువైనా పోతుంటే కిటికీలోకి చూస్తారు. నాకు చెవులు కాలిపోయాయి. అలవాటులో ఎక్కేశాను, మోసం చెయ్యాలని కాదని గొణిగాను.

"తెలుస్తోంది. కానీ పాప లేనప్పుడు నువ్వూ అందరిలాంటి మనిషివేగా. టికెట్ ఉండాల్సిందే" అంది.

ఆవిడ కసురుకోలేదు, జాలీ పడలేదు. జరిమానా రాసి చేతిలో పెట్టింది. సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆవిడ అనుమానంగా చూసింది. పిచ్చిదాన్ననుకుని ఉంటుంది. పాప నాతో లేని ఒక్క గంటలో కూడా నేను పాపని ఊపుతూనే ఉన్నాను. ఆ పాప అక్కడ సోఫాలో తండ్రి పక్కన హాయిగా కూర్చుని ఉంది, ఇద్దరికీ నేను గుర్తున్నానో లేదో కూడా తెలియదు. నవ్వు కాస్తా కోపమైంది. ఇన్నాళ్ళూ దాచుకున్న కోపమంతా నాదేనని మొదటిసారి ఒప్పుకున్నాను.

బస్సు మారడానికి లిల్యెహోల్మెన్‌లో దిగి, షెల్టరు కింద నిలబడి, ముందు గున్నెల్‌కి ఫోన్ చేశాను. ఆ కుర్చీ నాకు కావాలన్నాను. సంతోషించింది. సోమవారమే మొదలుపెడదామంది.

తరువాత హెన్నింగ్‌కి చేశాను. బండి దొరికిందా అన్నాడు. దొరికిందన్నాను. సోమవారం నుంచి పూర్తి ఉద్యోగమని చెప్పాను. వెనక టీరా ఏదో పాడుతోంది.

"చెప్పేశావా? ఒక్క మాట నన్ను అడగొద్దా?"

"అడగడానికే చేశాను. సోమవారం టీరాని ఎన్నింటికి తెస్తావు?"

అవతల మాట లేదు. ఇలాంటప్పుడు నేనే అందుకుంటాను. పోనీ మీ అమ్మని అడుగుదామా, పోనీ నేనే కాస్త ముందు బయలుదేరనా అని. ఆ పోనీలన్నీ నాలుక చివరికొచ్చాయి. పెదవులు బిగించాను. మా బస్సు వచ్చింది, వెళ్ళింది. "సోమవారమా..." అన్నాడు హెన్నింగ్, మళ్ళీ ఆగాడు. ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. పెట్టెయ్యలేదు. సాయమూ చెయ్యలేదు.