మైకుసెట్టు అబ్బులు అరబ్బీ పాట

కోనసీమ మొత్తమ్మీద అరబ్బీ భాష క్షుణ్ణంగా వచ్చినవాడు ఆ రోజుల్లో ఒక్కడే ఉండేవాడు. మలికిపురం దగ్గర మైకుసెట్టు అబ్బులు. నమ్మకం లేకపోతే ఆ చుట్టుపక్కల పెళ్లి చేసుకున్న వాళ్లనెవర్నైనా అడగండి. వాళ్ల ఊరేగింపులో మోగిన అరబ్బీ పాటకి అర్థం విడమరిచి చెప్పింది అబ్బులే.

ఆ పాట అబ్బులు చేతికి వచ్చిన వైనం చెబుతాను. అతని అక్క దానమ్మ, మొగుడు పోయాక, డెబ్బై నాలుగులో కువైట్లో ఒక పెద్దింట్లో పిల్లలని చూసే ఆయాగా కుదిరింది. ఆరేళ్ల కూతురు సువర్ణని తల్లి సూరమ్మ దగ్గర, అంటే అబ్బులు ఇంట్లోనే, వదిలి వెళ్లింది. మరుసటేడు ఊరివాడొకాయన సెలవు మీద వస్తుంటే రెండు గౌన్లు, ఒక టేపురికార్డరు, ఒక కేసెట్టు పంపింది. ఆ తెచ్చినాయన సామాను అరుగు మీద పెట్టి, కాస్త మజ్జిగ తాగి, రేవులో పంటు పడవ దాటిపోతుందని పరుగెత్తాడు. ఏది ఎవరికో చెప్పే తీరిక లేకపోయింది. గౌన్లు సువర్ణకి సరిపోయాయి కాబట్టి అవి సువర్ణవి. కేసెట్టు టేపురికార్డరులో సరిపోయింది కాబట్టి అది అబ్బులుది.

టేపురికార్డరు దారిలో ఎక్కడ దెబ్బ తిందో గాని దానికి తొందర ఎక్కువ. ఏ కేసెట్టు పెట్టినా వెనక ఎద్దు తరుముకొస్తున్నట్టు పాడేది. మన తెలుగు పాటలు పెడితే ఎంత గొప్ప గాయకుడైనా పిచికలా కిచకిచలాడేవాడు. కానీ ఆ అరబ్బీ పాట మాత్రం దానికి భలే అతికింది. సన్నని ఆడగొంతు, వెనకాల టకటకమని డప్పు. ముందు విన్నవాళ్లెవరూ లేరు గనక, పాట పరిగెడుతోందని కనిపెట్టేవాళ్లూ లేరు.

అబ్బులు బాకాని కొబ్బరిచెట్టుకి కట్టి, మైకు పుచ్చుకుని, గొంతు సవరించుకునేవాడు. "అయ్యా, అమ్మా. ఇది అరబ్బు షేకుగారింట పెళ్లి పాటండి. పెళ్లికొడుకు ఒంటెనెక్కి బయల్దేరేడు, దారిలో ముళ్లు తియ్యండి, మావగార్ని నిద్ర లేపండి అని అర్థం." భోజనాలు బాగున్న పెళ్లిలో ఒంటెలు పెరిగేవి. పప్పులో ఉప్పు తగ్గితే పెళ్లికొడుకు కాలినడకన వచ్చేవాడు. పాట మొదలవగానే కుర్రాళ్లు గంతులేసేవారు, పెద్దవాళ్లు ఎవరూ చూడకుండా భుజాలు కదిపేవారు. సువర్ణ కూడా చిన్నప్పుడు ఆ పాటకి తెగ గెంతేది.

దానమ్మ మధ్యలో రెండు మూడుసార్లు సెలవు మీద వచ్చింది గాని, యజమాని సెలవిచ్చేది ఎప్పుడూ ఈస్టరు ముందు లెంటు రోజుల్లోనే. ఆ నలభై రోజులూ అబ్బులు మైకు కట్టే చర్చి పెళ్లిళ్లు ఉండవు, అబ్బులు బాకా దిగదు. కాబట్టి ఆ పాట ఆమె చెవిన పడనే లేదు.

ఎనభై ఏడు వేసవిలో సువర్ణ పెళ్లి కుదిరింది. దానమ్మ నెల రోజుల సెలవు మీద దిగింది. పెళ్లయిన వారానికే తిరుగు ప్రయాణం.

పెళ్లికి ముందురోజు పొద్దున్న పెరట్లో దానమ్మ కొబ్బరి కోరుతోంది. ఒంటినిండా పసుపుతో సువర్ణ వచ్చి నిలబడింది.

"మీరు లేవండి. వంటవాళ్లు చూసుకుంటారు. దూరాన్నుంచి వచ్చేరు, కాస్త విశ్రాంతి తీసుకోండి," అని ఎంతో మర్యాదగా చెప్పి వెళ్లిపోయింది.

దానమ్మ కోరాము మీదే కూర్చుని పక్కనే ఉన్న తమ్ముడి వంక చూసింది. "విన్నావుట్రా? నేను వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. అమ్మా అని ఒక్కసారి అనలేదు. నన్ను మగపెళ్లివారి తరఫు మనిషిని చూసినట్టు చూస్తంది. రేపు అది ఆ ఇంటికి, నేను ఆ దేశానికి. ఇంక ఎప్పుడంటుందిరా?"

నోటితో చెప్పడం తోచనప్పుడు అబ్బులు బాకాతో చెప్పేవాడు. అక్క పంపిన పాట వినిపిస్తే అక్క సంతోషిస్తుంది కదా అనుకున్నాడు. మేనకోడలి పెళ్లి కాబట్టి ఒంటెల్ని మందలుగా తోలి, పాట పెట్టాడు. పందిట్లో కుర్రాళ్లు గంతులు మొదలెట్టారు.

దానమ్మ కొబ్బరి చేతులతోనే పందిట్లోకి వచ్చింది. కాసేపు తల పక్కకి వంచి విన్నది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చతికిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"ఏంటక్కా?" అన్నాడు అబ్బులు, పాట ఆపి.

"పెళ్లి పాటని ఎవడు చెప్పేడ్రా నీకు? జోలపాటరా అది. పిల్లల్ని పడుకోబెట్టే పాట."

వంటల వీరన్న గరిట పుచ్చుకుని ముందుకొచ్చాడు. "మరి ఒంటెలో, వదినా?"

"ఒంటెలూ లేవు, పెళ్లికొడుకూ లేడన్నయ్యా."

"మా అమ్మాయి పెళ్లికి ఏడొంటెలన్నాడే వీడు. మాంసం రెండుసార్లు వడ్డించేను."

పందిరి పందిరంతా నవ్వింది. మొదట్లో అబ్బులుకి అరబ్బీ క్షుణ్ణంగా వచ్చునన్నాను కదా, అందులో కొంచెం తరుగు తీసుకోండి. అతనికి "సలాం" అనే మాట వచ్చు. అదీ అమలాపురంలో అత్తరు సాయిబు దగ్గర నేర్చుకున్నది.

"మరి అసలు అర్థం ఏంటో చెప్పు," అని వీరన్న పట్టుబట్టాడు. దానమ్మ ఒక్కొక్క మాటే కూడదీసుకుని చెప్పింది.

"పడుకోవే చిట్టీ, మీ అమ్మ నీళ్లకెళ్లింది. నుయ్యి దూరం, ఇసక వేడి, అందుకే ఆలస్యం. నువ్వు ఏడిస్తే ఆవిడకి వినపడిపోద్ది. కడవ దింపేసి పరిగెత్తుకొచ్చేస్తది. నేను మీ అమ్మని కాదని నాకూ తెలుసు. ఆవిడొచ్చేదాకా నా ఒళ్లో పడుకోవే."

గెంతిన కుర్రాళ్లు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చూరు పట్టుకున్నారు. వీరన్న వెనక్కి తిరిగి గరిటతో సహా పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు.

గుమ్మంలో నిలబడిన సువర్ణ అడిగింది. "రోజూ పాడేవారా ఇది?"

"ఆఁ. పాడేదాన్ని."

"ఎవరికండి?"

"ఆ ఇంటి పిల్లకి. నీ ఈడుదే."

సువర్ణ లోపలికి వెళ్లి తలుపు చేరవేసుకుంది. అర్థం తెలియనన్నాళ్లూ అందరినీ గెంతించిన పాట, తెలిసిన మరుక్షణం తల్లీకూతుళ్ల మధ్య గోడ కట్టేసింది. అబ్బులుకి తన బాకా మీద తనకే కోపం వచ్చింది.

"ఎవరి పిల్లకో పాడే పాట మా ఇంటికెందుకు పంపేవక్కా?" అన్నాడు.

"మీ ఇంటికా? సువర్ణకి పంపేన్రా. పక్కలో పెట్టి పడుకునేటప్పుడు వినిపించమని మీతో చెప్పమని ఆ తెచ్చినాయనకి లక్షసార్లు చెప్పేను. వింటూనే పెరిగిందనుకున్నాను. ఆ గొంతెవరిదనుకున్నావు? నాదే. ఇంటావిడ ఊళ్లో లేనప్పుడు గది తలుపేసుకుని రికార్డు చేసేను."

"మరి డప్పో?"

"డప్పేంట్రా. దిండుని ఒళ్లో పెట్టుకుని జోకొట్టేను, సువర్ణే అనుకుని. మన జోలపాటే మొదలెట్టేను గాని, రెండో మాటకే ఏడుపొచ్చింది. ఇదైతే పరాయి మాటలు కదా, గొంతు పట్టుకోదని ఇది పాడేను."

పిల్ల పక్కలో ఉండవలసిన గొంతుని అబ్బులు పన్నెండేళ్లుగా కొబ్బరిచెట్టుకి కట్టి ఊరూరా గెంతించాడు. అతను బాకా తీగ పీకేసి, టేపురికార్డరు చంకన పెట్టుకుని, సువర్ణ గదిలోకి వెళ్లాడు.

"మావయ్యా, ఆ పాట వద్దు," అంది సువర్ణ గోడవైపు తిరిగి.

"ఒక్కసారి విను. ఆనక నీ ఇష్టం."

కేసెట్టు పెట్టి మూత తెరిచి ఉంచి, తిరుగుతున్న చక్రం మీద బొటనవేలు మెల్లిగా ఆనించాడు. పాట నిదానించింది. పిచిక గొంతు దిగి, దిగి, ఎక్కడో విన్న గొంతయింది. ఇంకొంచెం నొక్కాడు. టకటకమనే డప్పు నెమ్మదించి, దిండు మీద చెయ్యి ఆనినట్టు మెత్తగా పడింది. వేలు వేడెక్కుతున్నా అతను తియ్యలేదు.

సువర్ణ ఇటు తిరిగింది. "ఇదెవరు మావయ్యా?"

"మీ అమ్మే. ఒళ్లో నువ్వున్నావనుకుని దిండుకి పాడింది."

సువర్ణ చివరిదాకా విన్నది. లేచి, పెరట్లోకి నడిచి, మళ్లీ కొబ్బరి ముందు చేరిన దానమ్మ పళ్లెం పక్కకి జరిపి, తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది.

"ఒంటినిండా పసుపే. మధ్యాన్నం మగపెళ్లివారొస్తారు," అంది దానమ్మ, చేతులు ఎక్కడ వేయాలో తెలియక.

"రానీ. రాత్రంతా నాకు నిద్ర లేదు. పాడమ్మా."

దానమ్మ పాడింది. చెయ్యి దానంతటదే కూతురి భుజం మీద పడసాగింది. రెండోసారి పాడేసరికి పెళ్లికూతురు గురక పెట్టింది.

ఇక చూడండి అబ్బులు అవస్థ. బతుకంతా చప్పుడు చేసి తిన్నవాడు, ఇప్పుడు ఇల్లంతా తిరుగుతూ అందరి నోళ్లూ మూయిస్తున్నాడు. వీరన్న గరిట లాక్కున్నాడు. పంపు కొట్టనివ్వలేదు. తల్లి సూరమ్మ దగ్గబోతే చేత్తో అడ్డం పెట్టాడు.

ముక్తేశ్వరం నుంచి పెళ్లిబట్టలు పట్టుకుని మగపెళ్లివారు దిగారు. పెళ్లికొడుకు తండ్రి ప్రభాకరరావుగారు, ఎదురు రావలసిన మేళమూ లేక మైకూ లేక, "ఏవండీ, ఇల్లు ఇదేనాండీ?" అన్నారు.

"ఆయ్, ఇదేనండి. మెల్లిగా మాట్లాడండి బావగారూ. అమ్మాయి పడుకుందండి," అన్నాడు అబ్బులు.

"ఈ వేళప్పుడా? ఒంట్లో బాగా లేదాండీ?"

"బానే ఉందండి. వాళ్లమ్మ పడుకోబెట్టిందండి."

ప్రభాకరరావుగారు పెరటివైపు తొంగిచూశారు. వెనక్కి తిరిగి తనవాళ్లకి సైగ చేశారు. పెళ్లివారందరూ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పందిట్లోకి వచ్చి చాపల మీద సర్దుకుని కూర్చున్నారు.

ఆ చెప్పులు చేత్తో పట్టుకోవడం మాత్రం నేను కల్పించాను. చెప్పులేసుకునే వచ్చారు. కాకపోతే నెమ్మదిగా నడిచారు.