అబ్బా

జనానికి అనుమానించడం నేర్పడమే నా ఉద్యోగం. "ప్రయాణికులకు విజ్ఞప్తి. మీ చుట్టుపక్కల ఎవరిదో తెలియని సంచి గానీ, పెట్టె గానీ కనిపిస్తే ముట్టుకోకండి. అనుమానాస్పద వ్యక్తులు కనిపిస్తే వెంటనే సిబ్బందికి తెలియజేయండి." బస్సుల వేళలు చెప్పే మధ్యలో ఇది కూడా చెబుతూ ఉండాలి. ఎంత చక్కగా చెబుతానంటే, విన్నవాళ్ళు మెల్లగా వంగి పక్క సీటు కింద చూస్తారు. పక్క సీట్లో గడ్డం ఉన్నవాడు కూర్చుని ఉంటే వాడి మొహం కూడా చూస్తారు. పైన అద్దాల గదిలోంచి నాకదంతా కనిపిస్తూనే ఉంటుంది.

చేరిన రోజు సూపర్‌వైజర్ గారు కాగితం మీద నా పేరు చూసి, తర్వాత నా గొంతు విని ఆశ్చర్యపోయారు. "మీ వాళ్ళ యాస ఏమాత్రం లేదే! అచ్చం మన అమ్మాయిలాగే మాట్లాడుతున్నావు" అన్నారు. మెచ్చుకోలే కాబట్టి థాంక్స్ చెప్పాను. మరి ఇన్నాళ్ళూ నేనెవరి అమ్మాయినో అని ఇంటికొచ్చి అంటే మా నాన్న పడీపడీ నవ్వారు. స్టేషన్లో నన్నెవరూ పేరుతో పిలవరు. మైకు అంటారు. నాకూ అదే హాయిగా ఉండేది.

వేరే ఊళ్ళో మార్కెట్టులో బాంబు పేలిన దగ్గర్నుంచి ఆ హాయి పోయింది. గేటు దగ్గరుండే సెక్యూరిటీ ఆయన్ని అందరూ మీసాలు అంటారు. ఆయన నా టిఫిన్ బాక్సు మూత తీయించి మరీ చూడటం మొదలుపెట్టాడు. "అందరికీ ఒకటే రూలమ్మా" అంటాడు. అంటూనే నా వెనకొచ్చే టికెట్ కౌంటర్ అక్కని చూడకుండా లోపలికి పంపించేస్తాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగాను ఒకరోజు. నవ్వలేదు సరికదా, వెళ్ళి పైకి చెప్పాడు. సూపర్‌వైజర్ గారు పిలిచి "కాస్త సర్దుకుపో, రోజులు బాలేవు" అన్నారు. ఎవరికి బాలేవో మాత్రం చెప్పలేదు.

మా నాన్న కుట్టుమిషన్ల మెకానిక్కు. పనిముట్లు, మిషను మోటారు సంచిలో వేసుకుని టైలరింగ్ షాపులకీ, బట్టలు కుట్టే కంపెనీలకీ వెళ్ళి బాగుచేసి వస్తారు. ఏళ్ళ తరబడి ఆ రొదలో పనిచేసి చెవులు మందగించాయి. గోల ఉన్నచోట పక్కన నిలబడి మాట్లాడినా వినపడదు. మైకులో నా గొంతు మాత్రం బాగా వినపడుతుందట. బస్సు కోసం స్టేషన్‌కి వచ్చినప్పుడు, నా గొంతు విన్నప్పుడల్లా బెంచీ మీద పక్కవాళ్ళకేసి చూసి ఊరికే నవ్వుకుంటారు. మా అమ్మాయి అని మాత్రం ఎవరికీ చెప్పరు. చెప్పొద్దని నేనెప్పుడూ అనలేదు. ఆయనే నా మొహం చూసి తెలుసుకున్నారు.

మా ఇంట్లో ఆయన్ని అబ్బా అని పిలుస్తాం. చిన్నప్పుడు బడి గేటు దగ్గర నేను "అబ్బా!" అని అరిస్తే, పిల్లలు చుట్టూ చేరి "ఏమైందే, ముల్లు గుచ్చుకుందా?" అనేవాళ్ళు. నేను ఏడుస్తూ ఇంటికొచ్చి చెబితే ఆయన గర్వంగా అన్నారు, "చూశావా, ఊళ్ళో ఎవరికి దెబ్బ తగిలినా నన్నే తలుచుకుంటారు. అంత గొప్పవాడు మీ నాన్న!" ఆ జోకు ఇప్పటికీ వాడుతూనే ఉంటారు. అమ్మ వేలు తెగి "అబ్బా" అంటే చాలు, పక్కనుంచి "ఆఁ, పిలిచావా?" అంటారు.

ఆ రోజు నేను మధ్యాహ్నం డ్యూటీకి బయలుదేరుతుంటే ఆయన సంచి గుమ్మానికి అడ్డంగా ఉంది. పక్క ఊళ్ళో ఏదో పని ఉందని, సాయంత్రం బస్సుకి వెళ్తానని అన్నారు. చెప్పులకోసం సంచి పక్కకి జరపబోయాను. ఇనుప ముద్దలా ఉంది. "వదులు వదులు, నువ్వు ముట్టుకోకు" అంటూ గబుక్కున లాక్కున్నారు.

"అబ్బా, స్టేషన్లో నమాజు చేయకండి. ఊరికెళ్ళాక చేసుకోండి. ఇప్పుడు జనం చూపులు వేరేగా ఉన్నాయి."

"సరేలే."

"సరేలే అంటే చేస్తారని అర్థం."

"మరి సరే అంటే?"

"అది కూడా అంతే."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం నమాజు వేళ దాటుతుండగా ఆయన ఎక్కాల్సిన బస్సు బయలుదేరుతోందని నేనే అనౌన్స్ చేశాను. బస్సు కదిలింది. ఆయన క్షేమంగా ఎక్కేసి ఉంటారనుకుని గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను. అంతలో మీసాలు తలుపు తోసుకుని వచ్చాడు.

"సార్, మూడో ప్లాట్‌ఫారం చివర, కుళాయిల వెనకాల. సంచి. మనిషి లేడు."

సూపర్‌వైజర్ గారు కెమెరా తెర దగ్గరికి వంగారు. నేనూ చూశాను. నల్ల సంచి, ఎర్ర జిప్పు. అసలు జిప్పు పాడైపోతే, నా పాత హ్యాండ్‌బ్యాగుది ఊడదీసి ఆయనే కుట్టుకున్నారు. ప్రపంచంలో అలాంటి సంచి ఇంకోటి ఉండదు.

"చూడండి సార్, ఎంత పద్ధతిగా పెట్టాడో" అన్నాడు మీసాలు. "సరిగ్గా గోడకి ఎదురుగా, నిటారుగా. మర్చిపోయినోడు ఇలా పెడతాడా? పారేసి పోతాడు. ఇది కావాలని పెట్టింది."

వీడియో వెనక్కి తిప్పారు. మా నాన్న కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కోవడం కనిపించింది. సంచి ఎదురుగా పెట్టుకుని తువ్వాలు పరిచారు. వంగారు, లేచారు, నుదురు నేలకి ఆనించారు. చివర్లో మెడ ఇటూ అటూ తిప్పారు, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. అప్పుడే స్పీకరుకేసి తలెత్తి చూశారు. బస్సు బయలుదేరుతోందని నేను చెప్పిన క్షణం అది. చెప్పులు తొడుక్కుని ఒక్క పరుగు తీశారు. సంచి అక్కడే ఉండిపోయింది. నా గొంతే ఆయన్ని పరిగెత్తించింది.

"బాంబుకి దండం పెట్టి వెళ్ళాడు సార్!" అన్నాడు మీసాలు.

దండం కాదు. ఆరుబయట నమాజు చేసేటప్పుడు ముందు నుంచి ఎవరూ నడవకుండా ఎదురుగా ఏదో ఒకటి అడ్డం పెట్టుకుంటారు. గొడుగో, కర్రో, సంచో. అందుకే అంత నిటారుగా పెట్టారు. అది చెబితే సరిపోతుందనుకున్నాను.

"సార్, అది సుత్రా అయ్యుంటుంది."

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"ఏంటది? దాని పేరు నీకెలా తెలుసు?" అన్నారు సూపర్‌వైజర్ గారు.

నేను నోరు తెరిచేలోపే మీసాలు పోలీసులకి చెప్పడానికి వాకీటాకీ ఎత్తాడు. "సార్, వస్తువు పేరు సుత్రా అంట. సు-త్రా. మా మైకమ్మకి తెలుసంట."

ఇంకేం చెప్పను? ఒక మాటకే ఇంత దూరం వెళ్ళింది. మా నాన్న అని చెబితే దారిలో బస్సు ఆపి, అందరి ముందూ ఆయన్ని దింపి తీసుకెళ్తారు. చెప్పకపోతే సంచిని ఏదో చేసేస్తారు, పోతే మోటారు పోతుంది. సంచి పోనీ, మనిషి బస్సులో ఉన్నారు కదా అని నోరు మూసుకున్నాను.

నిజం చెప్పాలంటే ఇంకోటి కూడా జరిగింది. "నువ్వు ముట్టుకోకు" అని ఆయన సంచి లాక్కోవడం గుర్తొచ్చింది. ఎందుకంత బరువుంది? ఎందుకు ముట్టుకోనివ్వలేదు? ఏ పని మీద వెళ్తున్నారో నాకు సరిగా చెప్పనేలేదు. ఒక్క క్షణం, నా కన్నతండ్రిని నేను మీసాలు చూసినట్టే చూశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఎన్నాళ్ళుగానో జనానికి నేర్పుతున్న పాఠం నాకూ ఒంటబట్టింది.

కింద పోలీసులు తాడు కట్టి జనాన్ని అవతలికి తోస్తున్నారు. నేను బల్ల కింద చెయ్యి పెట్టి ఆయనకి ఫోన్ చేశాను. తిరిగి రావద్దని చెబుదామని.

తెర మీద సంచి పక్కనున్న పోలీసులు ఒక్కసారిగా నేల మీద బోర్లా పడ్డారు. జనం కేకలు పెడుతూ చెల్లాచెదరయ్యారు.

"మోగుతోంది! సంచి మోగుతోంది!" అని వాకీటాకీ అరిచింది.

"ఫోను కొట్టి పేలుస్తారు సార్, టీవీలో చూపించారు" అన్నాడు మీసాలు, గోడకి అతుక్కుపోయి. "ఎవడో ఇక్కడే ఎక్కడో ఉండి నొక్కుతున్నాడు."

నొక్కింది నేను. ఫోను ఆపేసి చీర కుచ్చిళ్ళలోకి తోసుకున్నాను. సూపర్‌వైజర్ గారు నా చేతులకేసి చూశారు, మళ్ళీ నా మొహంకేసి చూశారు. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు.

అప్పుడు కనిపించారు, గేటు వైపు తెరలో. సంచి లేదని గుర్తొచ్చి బస్సు దిగేసినట్టున్నారు. భుజాన తువ్వాలు, తల మీద తెల్ల టోపీ, పరుగులాంటి నడక. జనమంతా బయటికి పరిగెడుతుంటే ఆయన ఒక్కరే లోపలికి వస్తున్నారు. ఎవరో చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు. సంచి పోతుందేమోనన్న దిగులే తప్ప ఆయన మొహంలో ఇంకేమీ లేదు. వంగి తాడు కిందనుంచి దూరారు.

"వాడే! సార్, వాడే!" అన్నాడు మీసాలు.

పోలీసులు తుపాకులు ఎత్తారు. ఆగమని అరుస్తున్నారు. ఆ అరుపులు అద్దం ఇవతల ఉన్న నాకే వినిపిస్తున్నాయి. పది మంది అరిచే గోలలో ఆయనకొక్క మాటా వినపడదు. ఎర్ర జిప్పుకేసే చూస్తూ నడుస్తున్నారు.

"అనౌన్స్ చెయ్! వెనక్కి వెళ్ళమని చెప్పు!" అన్నారు సూపర్‌వైజర్ గారు.

మీట నొక్కాను. "ప్రయాణికులకు విజ్ఞప్తి. మూడో ప్లాట్‌ఫారం వైపు ఎవరూ రావద్దు..."

ఆయన నవ్వారు. నా గొంతు విన్నప్పుడల్లా నవ్వే ఆ వెర్రి నవ్వే. నవ్వుతూనే నడుస్తున్నారు. ప్రయాణికులంటే ఎవరో అనుకున్నారు.

"అబ్బా!"

స్టేషనంతా మారుమోగింది.

"అబ్బా, ఆగండి! సంచి ముట్టుకోకండి. కదలకండి. చేతులు పైకెత్తండి, అబ్బా!"

ఆయన ఆగిపోయారు. స్పీకరుకేసి తలెత్తారు. చేతులెత్తడం ఆయనకి ఒక్క రకంగానే తెలుసు. నమాజు మొదలుపెట్టేటప్పటిలాగా రెండు చేతులూ చెవుల దాకా ఎత్తి అలాగే నిలబడ్డారు. పోలీసులు మీద పడి కింద కూలదోశారు. కానీ ఎవరూ కాల్చలేదు. నేను మీట వదిలేసి బల్ల మీద తల పెట్టుకున్నాను.

"మైకులో ఆ అబ్బా గిబ్బా ఏంటి?" సూపర్‌వైజర్ గారు కసిరారు. "ప్రయాణికుల మీద విసుక్కుంటావా? పైవాళ్ళు వింటే ఏమంటారు?" తర్వాత నన్ను చూసి కాస్త మెత్తబడ్డారు. "సర్లే. భయంలో నోరు జారావని చెబుతాను. ఆయనెవరో సమయానికి ఆగాడు, అదే పదివేలు."

అంటే ఎవరికీ అర్థం కాలేదు. అంత పెద్ద స్టేషన్లో అందరూ విన్నారు. అందరికీ అది ఒక విసుగు, ఒక మూలుగు. నేను నోరు మెదపకపోతే నా ఉద్యోగానికేమీ కాదు. మళ్ళీ రేపొచ్చి బస్సుల పేర్లు చెప్పుకోవచ్చు.

మీసాలు చేతిలో వాకీటాకీ ఇంకా ఆన్‌లోనే ఉంది. అందులోంచి ఒక పోలీసు గొంతు వినిపించింది. "ఇక్కడ నీకెవరున్నారు? నీతో ఎవరు కలిశారు? ఆగమని నీకు చెప్పిందెవరు?"

"ఎవరూ లేరు సార్." ఆయన ఆయాసపడుతున్నారు. "ఒక్కణ్ణే వచ్చాను. పాపం, మైకులో ఆ అమ్మాయెవరో అబ్బా అంది. ఏం దెబ్బ తగిలిందో ఏమో అని ఆగాను."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మెడ మీద మోకాలు పెట్టి అదిమితే, ఆ స్థితిలో కూడా ఆయన నన్ను దాచి తన పాత జోకు వాడుకుంటున్నారు.

మీట నొక్కాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి" అన్నాను. రోజూ చెప్పే గొంతుతోనే చెప్పాలనుకున్నాను, కుదరలేదు. "ఎర్ర జిప్పు సంచిగల వ్యక్తి కుట్టుమిషన్ల మెకానిక్కు. సంచిలో ఉన్నది మోటారు, పనిముట్లు, ఫోను. ఆ ఫోను మోగించింది నేను. ఇందాక నేను అబ్బా అన్నది విసుగొచ్చి కాదు. ఆయన మా నాన్న. మా ఇంట్లో నాన్నని అలాగే పిలుస్తాం."

సూపర్‌వైజర్ గారి చెయ్యి మీట దాకా వచ్చి ఆగిపోయింది. మీసాలు నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తెర మీద మా నాన్న నేల మీద నుంచే తల అడ్డంగా ఊపుతున్నారు, వద్దు, వద్దు అని.

"అబ్బా, నేను కిందికి వస్తున్నాను" అని మైకు కట్టేశాను.

మెట్లు దిగి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి, తాడు అవతల గుంపుగా నిలబడ్డ జనం నన్ను చూసి రెండు పక్కలకీ జరిగారు. దారి ఇచ్చారో, భయపడి దూరం జరిగారో నాకు తెలియలేదు. వాళ్ళ మధ్యనుంచి "అబ్బా" అని ఆయన్ని పిలుస్తూ నడిచాను. ఎవరో పెద్దావిడ "ఏమ్మా, దెబ్బ తగిలిందా?" అని అడిగింది.