ఇంట్లో మనిషి ఉండగా ఫీజెందుకు

"సంతకాలు పెట్టెయ్ వదినా, మిగతాదంతా నేను చూసుకుంటా" అన్నాడు మరిది, కాగితాల కట్ట బల్ల మీద పెట్టి. నేనప్పుడు హాల్లో మంచం మీదున్న అత్తగారి కాలి పుండుకు కట్టు మారుస్తున్నాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి మా ఆయన పెన్ను మూత కూడా తీసి పెట్టారు. మంచినీళ్లు కూడా తనంతట తాను ముంచుకుని తాగని మనిషి.

అవి నా రిటైర్మెంటు డబ్బు పెట్టుబడి పెట్టే కాగితాలు. ముప్ఫై ఏళ్లు ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా తిరిగి, మోకాళ్లు అరగదీసుకుంటే వచ్చిన డబ్బు. జీతమైతే నా కంటపడకుండానే ఆయన ఖాతాలోకి పోయేది. చెప్పులు తెగితే అడిగి కొనుక్కునేదాన్ని, "మొన్నేగా కొన్నావు" అనిపించుకుని మరీ. నా పేరున, నా చేతికి వచ్చింది ఇదొక్కటే. ఇది కరిగిపోతే చచ్చేదాకా మళ్లీ చెప్పులకు చెయ్యి చాచాల్సిందే.

మరిది చేసేది పెట్టుబడుల సలహాల పని. "అయినవాళ్లం, మీ దగ్గర పైసా తీసుకోను" అంటాడు. ఉచితం సంగతి నాకు కొత్తా? అత్తగారు మంచాన పడ్డప్పుడు ఒక మనిషిని పెడదామంటే, "ఇంట్లో నర్సుండగా బయటివాళ్లకు డబ్బు పొయ్యడమెందుకు" అన్నారు మా ఆయన. నైట్ డ్యూటీ చేసొచ్చి నేను కళ్లు మూసుకోబోతుంటే, వీధిలోవాళ్లు ఇంజెక్షన్లకు వచ్చేవాళ్లు. "మా ఆవిడ చేస్తుందండీ, డబ్బులేం వద్దు" అని గుమ్మంలోనే చెప్పేసేవారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మంచి పేరు ఆయనకి, నిద్ర చెడేది నాకు.

నిన్న కూరగాయల సంచీ పట్టుకుని బయల్దేరి, మా పాత హెడ్‌నర్సు చెప్పిన ఇంకో సలహాదారు దగ్గరికి వెళ్లాను. కళ్లజోళ్ల షాపు మీద చిన్న గది. నేను కుర్చీలో సర్దుకోకముందే ఆవిడ తన ఫీజు చెప్పింది. లేచిపోదామని సంచీ అందుకున్నాను. నా ముఖం చూసి నవ్వింది. "మీ డబ్బు పెట్టే ఏ కంపెనీ నాకేమీ ఇవ్వదమ్మా, మీరే ఇవ్వాలి. ఎక్కువనిపిస్తే వద్దు. కానీ ఊరికే చేస్తామన్న వాళ్లని ఒక్క మాట అడగండి, మీకు డబ్బెవరిస్తారని."

అదే అడిగాను మరిదిని.

"కంపెనీ ఇస్తుంది వదినా. నీ జేబులోంచి ఏం పోదు."

"కంపెనీ ఎక్కడ్నుంచి తెస్తుంది?"

టీ కప్పు కింద పెట్టాడు. "నువ్వు పెట్టిన దాంట్లోంచే. ఏడాదికి నూటికి ఒకటో ఒకటిన్నరో. పోయినట్టు కూడా తెలీదు."

"వచ్చిన లాభంలోనా?"

"కాదు, మొత్తం మీద."

"నష్టమొచ్చిన ఏడాది?"

"అప్పుడూ తీస్తారు. డబ్బు అందులో ఉన్నన్నాళ్లూ తీస్తారు. అందరూ చేసేదే కదా."

నాకు కోపమొచ్చింది ఆ ఒకటిన్నర మీద కాదు. పని చేసినవాడు తీసుకోవాల్సిందే. తీసుకుంటూ తీసుకోనన్నాడే, అందుకు మండింది. ఆ ఉచితానికి మొహమాటపడి పొద్దున్నుంచీ మూడుసార్లు టీ పెట్టిచ్చాను.

"సొంత మరిదిని లెక్కలడగడానికి నోరెలా వచ్చిందే నీకు" అన్నారు అత్తగారు మంచం మీంచి.

ముప్ఫై ఏళ్లుగా రానిది ఇవాళ ఎలా వచ్చిందో నాకూ ఆశ్చర్యంగానే ఉంది. కాగితాలు సర్ది మరిది వైపు జరిపాను. "నేను వేరే ఆవిణ్ణి మాట్లాడుకున్నాను. రేపు వెళ్లి ఫీజు కట్టేస్తున్నాను."

"మతి పోయిందా?" అన్నారు ఆయన. "ఇంట్లో మనిషి ఉండగా బయటివాళ్లకు డబ్బు పోస్తావా?"

ఆ మాట ఇంతకుముందూ విన్నాను. పెన్ను మూత పెట్టి ఆయన చేతికిచ్చాను.

"రేపట్నుంచి అత్తయ్యకు కట్టు మార్చడానికి ఒకమ్మాయి వస్తుంది. జీతం మీరివ్వండి. ఈ ఇంట్లో నిజంగా డబ్బు తీసుకోకుండా చేసే మనిషి ఒక్కతే ఉండేదండీ. ఆవిడ కూడా రిటైరైపోయింది."