తగిలినవాళ్లే చెప్పాలి

కత్తిసాము కోటు ఉతకడం పరుపు ఉతకడంతో సమానం. లోపలంతా దూది. నీళ్లు పీల్చుకుంటే ఒక పట్టాన లేవదు. ఆమె దాన్ని శక్తికొద్దీ పిండి, డాబా మీద వెనక తీగకు వేసి, ముందు తీగ మీద దుప్పట్లు ఆరేసింది. దొంగసొత్తు దాచుకుంటున్నట్టే ఉంది. యాభై దాటిన మనిషి, బడిలో లెక్కల టీచరు, ఆదివారాలు మోకాళ్ల వ్యాయామానికని చెప్పి పాతకాలపు కత్తియుద్ధం నేర్చుకుంటోందని తెలిస్తే ఇంకేమైనా ఉందా!

ఇవాళ దాచుకోవలసింది కోటు ఒక్కటే కాదు.

ఆ బృందంలో ఒక కట్టుబాటు ఉంది. వెనకటి యోధుల్లా ఇనుపటోపీలు పెట్టుకుని మొద్దు అంచు కత్తులతో ఆడతారు. దెబ్బ తగిలిందో లేదో తీర్పు చెప్పేవాళ్లుండరు. తగిలిన మనిషే ఆగి, ఎడమచెయ్యి పైకెత్తి, "తగిలింది" అనాలి. కొట్టినవాళ్లు కత్తి దించేదాకా ఆ చెయ్యి దించకూడదు. పొద్దున ఆమెతో జోడీ కట్టిన నర్సమ్మాయి కత్తి ఆమె భుజం మీద పడింది. ఆమె ఆగలేదు. పక్కటెముకల మీద పడింది. అప్పుడూ ఆగలేదు. ఆ పిల్ల టోపీ తీసేసి, "ఇది తొండి ఆంటీ! ఇన్ని తగిలినా ఒప్పుకోరేంటి?" అంది ఏడుపు గొంతుతో. హాల్లో కత్తులన్నీ ఆగిపోయాయి.

ఎన్నడూ ఎవరి పలకలోకీ తొంగిచూసి ఎరగని మనిషి. నిలువునా కుంచించుకుపోయింది.

నేర్పే ఆవిడ పక్కకు పిలిచి, "తగిలినట్టు తెలిసిందా?" అని అడిగింది.

"తెలిసింది."

"మరి?"

"చెప్పడం అలవాటు లేదండీ."

తల్చుకుంటే డాబా మీద కూడా చెవులు కాలాయి. అలవాటు ఎక్కణ్ణించి వస్తుంది? "మావాడి ఖర్మకొద్దీ దొరికావు" అని అత్తగారంటే నవ్వి గిన్నెలు తోముకుంది. "బడిలోనే టీచరమ్మ, ఇంట్లో రెండూ రెండూ ఐదు" అని ఆయన నలుగురిలో అంటే, ఆ నలుగురికీ టీ అందించింది. కూతురు ఇల్లు వదిలి వెళ్లేరోజు గుమ్మంలో పెట్టె దించి, "నీకేదీ తగలదమ్మా. నీతో పోట్లాడినా గోడతో పోట్లాడినా ఒకటే" అంది. అప్పుడూ నవ్వి, "జాగ్రత్తగా వెళ్లు" అంది. ఆ పిల్ల ఇప్పటికీ ఫోను చేసేది తండ్రికే.

బృందంలో చేరినరోజు ఎవరెందుకొచ్చారో చెప్పుకున్నారు. ఒకాయనకు చరిత్ర పిచ్చి. ఒకావిడకు ఒళ్లు తగ్గాలి. నర్సమ్మాయికి వార్డులో దిగమింగిన కోపం ఎక్కడో ఒకచోట కక్కాలి. ఆమె తన మోకాళ్ల పేరు చెప్పింది. అసలు సంగతి చెప్పడానికి సిగ్గేసింది. ఒకరోజు బడి నుంచి వస్తూ ఆ హాలు తలుపులోంచి చూసింది. ఎవరో చెయ్యెత్తగానే, కొట్టినవాడు కత్తి దించేసి, "గట్టిగా తగిలిందా అండీ?" అని అడిగాడు. ఆ ఒక్క మాట కోసం చేరింది. తీరా చేరి, చెయ్యే ఎత్తలేకపోయింది.

సాయంత్రం ఆయన స్నేహితులొచ్చారు. కబుర్లాడుకుంటూ డాబా ఎక్కారు. ఆమె టీ పెట్టి తెచ్చేసరికి కిందికి దిగి, ముందుగదిలో కూర్చుని ఉన్నారు. ఆయన చేతిలో తడికోటు. దాని గుండె మీద కుట్టిన జోడుకత్తుల గుర్తును అందరికీ చూపిస్తున్నాడు.

"మోకాళ్ల వ్యాయామమంటే ఇదన్నమాట! పప్పుగరిటె తిప్పడమే రాదు, రాణీగారు కత్తి తిప్పుతారట!"

అందరూ విరగబడి నవ్వారు. ఆమె పెదవుల మీదికి కూడా నవ్వు వచ్చేసింది, పిలవకుండానే. పొద్దుటి సిగ్గే మళ్లీ మెడ దాకా పాకింది. ట్రే బల్ల మీద పెట్టింది. ఎడమచెయ్యి లేచింది. పొద్దున దెబ్బ తిన్న భుజం సగంలో కలుక్కుమంది. ఇంకా పైకెత్తింది.

"ఏంటి, బడిపిల్లలా చెయ్యెత్తావ్?"

"తగిలింది," అంది.

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. గట్టిగా తగిలిందా అని ఎవరూ అడగలేదు. దీని తర్వాత కూతురికి ఫోను చెయ్యాలి, ఆ రోజు గుమ్మంలో కూడా తగిలిందని చెప్పాలి అనుకుంది. ముందు ఆయన ఆ కోటు కింద పెట్టనీ. అందాకా చెయ్యి దించేది లేదు.